మోటారు తిరుగుతోంది, నీళ్లు రావట్లేదు: సెంట్రిఫ్యూగల్ పంపు సంగతి

స్విచ్ వేస్తే మోటారు గుయ్యిమని తిరుగుతూనే ఉంటుంది, ట్యాంకులో మాత్రం చుక్క పడదు. మెకానిక్‌కి ఫోన్ చేసేముందు ఒక్కటి గుర్తుపెట్టుకోండి: ఈ పంపుకి నీళ్లు లాగడం రాదు, విసరడమే వచ్చు.

సెంట్రిఫ్యూగల్ అంటే కేంద్రం నుంచి బయటికి పోయేది అని. సైన్సు పుస్తకంలో అపకేంద్రం అని చదువుకున్నది ఇదే. కవ్వంతో మజ్జిగ చిలుకుతుంటే నడుమ గుంటపడి అంచుల వెంట పైకి లేస్తుంది కదా, పంపులో ఆ కవ్వం పని చేసేది ఇంపెల్లర్, అంటే వంపు రెక్కలున్న చిన్న చక్రం. మన ఇళ్లలో, పొలాల్లో ఉండే మామూలు మోనోబ్లాక్‌లో (మోటారు, పంపు ఒకే దిమ్మగా ఉండేది) అది నిమిషానికి దాదాపు 2,880 సార్లు తిరుగుతూ నీళ్లని అంచుకి విసిరికొడుతుంది. నత్తగుల్లలా రానురాను వెడల్పయ్యే కేసింగ్‌లో ఆ వేగం తగ్గి ఒత్తిడిగా మారి నీళ్లు డెలివరీ పైపు ఎక్కుతాయి. నడుమ పడిన వెలితిలోకి బావి నీళ్లు వస్తాయి, కానీ వాటిని పైకి తోసేది బావి మీదున్న గాలి, పంపు కాదు.

ఆ గాలి తోయగలిగింది సముద్రమట్టం దగ్గర కూడా సుమారు 10.3 మీటర్లే. పైపు రాపిడీ అదీ పోను 6, 7 మీటర్లు దాటితే నమ్మలేం. అందుకే నీళ్లు 40 అడుగుల కింద ఉంటే గట్టు మీద 5 హెచ్‌పీ తీసేసి 10 హెచ్‌పీ పెట్టినా డబ్బు దండగ, పంపునే కిందికి దించాలి. బోర్లో వేసే సబ్‌మెర్సిబుల్ కూడా సెంట్రిఫ్యూగలే, ఇంపెల్లర్లు ఒకదానిమీద ఒకటి పేర్చి ఉంటాయంతే. కాళేశ్వరంలో గాయత్రి పంప్‌హౌస్ మోటార్లు ఒక్కోటి 139 మెగావాట్లు, అయినా పంపుల్ని నేల అడుగునే కూర్చోబెట్టారు.

ఇక నీళ్లు ఎక్కించడం. లోపల గాలి ఉంటే ఇంపెల్లర్ గాలినే విసురుతుంది, గాలి బరువెంత, వెలితి ఎక్కణ్నుంచి వస్తుంది? మెయిన్ ఆపేసి, పంపు మీది మూత విప్పి, బుడగలు ఆగేదాకా నీళ్లు పొయ్యండి. షాఫ్ట్ చేతికి అందితే నెమ్మదిగా ఓ రెండుసార్లు తిప్పండి, రెక్కల సందున చిక్కిన గాలి కూడా వచ్చేస్తుంది. ఎంత పోసినా దిగిపోతూనే ఉంటే బావిలో పైపు అడుగున నీళ్లు వెనక్కి జారకుండా ఆపే ఫుట్‌వాల్వ్ పట్టట్లేదన్నమాట, చాలాసార్లు ఆకో చిన్న రాయో అడ్డం పడి ఉంటుంది. నిండుగా నిలిచి, ఆన్ చేశాక కాసేపు వచ్చి ఆగిపోతే సక్షన్ వైపు, అంటే బావి నుంచి పంపుదాకా వచ్చే పైపులో, ఎక్కడో గాలి పీలుస్తోంది. ఇది మహా మాయదారి లీకు, నడుస్తున్నప్పుడు చుక్క కూడా కారదు. జాయింట్ల మీద సబ్బు నురగ పూసి చూడండి, లోపలికి పీల్చుకుపోయిన చోటే చిల్లు. నేనోసారి 'అదే ఎక్కుతుందిలే' అని వట్టి పంపుని తిప్పుతూ వదిలేసి టీకి వెళ్లాను. వచ్చేసరికి సీల్ మాడిన వాసన.

త్రీఫేజ్ మోటారైతే బాడీ మీది బాణం గుర్తు చూడండి. ఉల్టా తిరిగినా నీళ్లు కొద్దికొద్దిగా వస్తాయి కాబట్టి వెంటనే అనుమానం రాదు. ఎలక్ట్రీషియన్‌తో ఏవైనా రెండు ఫేజు వైర్లు మార్పిస్తే సరి.

పెద్ద పంపుకి డెలివరీ పైపు మీద గేట్‌వాల్వ్ ఉంటే మూసి స్టార్ట్ చేసి మెల్లగా తెరవాలి. మూసేస్తే లోడు పెరుగుతుందని భయపడతారు గానీ, ఈ రకం పంపుకి విసిరే నీళ్లు తగ్గితే లోడూ తగ్గుతుంది. అలాగని నిమిషాల తరబడి మూసి ఉంచితే లోపలి నీళ్లు కాగిపోతాయి.

కొనేటప్పుడు హెచ్‌పీ కంటే ముందు నేమ్‌ప్లేట్ మీద హెడ్ చూడండి: నీటి మట్టం నుంచి పైపు చివరిదాకా ఎత్తు, దానికి రాపిడి కలుపుకోవాలి. ఎక్కువ హెడ్ పంపు తెచ్చి పక్కనున్న కాలువలోకి పారిస్తే నీళ్లు ధారాళంగా వస్తాయి, దాంతోపాటు ఆంపియర్లూ పెరిగి మోటారు వేడెక్కుతుంది. అలాంటప్పుడు గేట్‌వాల్వ్ కొంచెం బిగించి ఆమ్‌మీటర్ ముల్లు చూడండి, నేమ్‌ప్లేట్ మీద రాసిన ఆంపియర్లకి దిగేదాకా.