పెంగ్విన్ కాలనీని లెక్కపెట్టడం ఎలా?

అంటార్కిటికా తీరంలో ఓ రాతివాలు. దాని నిండా అడెలీ పెంగ్విన్లు. కొన్ని పడుకున్నాయి, కొన్ని అరుస్తున్నాయి, ఒకటి పక్క గూట్లోంచి గులకరాయి దొంగిలిస్తోంది. వీటిని లెక్కపెట్టాలి. అక్కడికి వెళ్లినా, ఇంట్లో ఫొటో ముందు కూర్చున్నా పద్ధతి ఒకటే.

1. పక్షుల్ని కాదు, గూళ్లను లెక్కపెట్టండి. అసలు కిటుకు ఇదే. పెంగ్విన్ పొద్దున ఇక్కడుంటే మధ్యాహ్నానికి సముద్రంలో ఉంటుంది. గూడు మాత్రం కదలదు. అడెలీలు గులకరాళ్లు పేర్చి గూడు కట్టి, మామూలుగా రెండు గుడ్లు పెడతాయి. ఆడది, మగది వంతులవారీగా పొదుగుతాయి. ఒకటి గూట్లో ఉంటే రెండోది మేతకు పోతుంది. అందుకే పొదిగే పక్షి ఒకటి కనిపిస్తే ఒక జంట అని రాసుకోవాలి. ఇంకా ఈడు రాని కుర్ర పక్షులు ఈ లెక్కలోకి రావు.

2. సమయం చూసుకోండి. అడెలీలు గుడ్లు పెట్టేది నవంబరులో. ఆ పని పూర్తయిన కొద్ది రోజులకే లెక్కపెట్టడం మంచిది. ముందే వెళ్తే జంటలో రెండూ గూటి దగ్గరే ఉంటాయి, లెక్క పెరిగిపోతుంది. ఆలస్యమైతే గుడ్లు పోగొట్టుకున్నవి వెళ్లిపోయి ఉంటాయి. ఇక పిల్లలు ఎదిగి ఒకచోట గుంపు కట్టాయంటే ఏది ఏ గూటిదో ఎవరూ చెప్పలేరు.

3. జాతిని గుర్తుపట్టండి. కంటి చుట్టూ తెల్లటి వలయం ఉంటే అడెలీ. గడ్డం కింద సన్నటి నల్లగీత ఉంటే చిన్‌స్ట్రాప్. నారింజ ముక్కు, కంటిపైన తెల్లమచ్చ ఉంటే జెంటూ.

4. ముక్కలు చేయండి, మూడుసార్లు లెక్కించండి. రాళ్లనో మంచు చారలనో హద్దులుగా పెట్టుకుని కాలనీని భాగాలు చేసుకోవాలి. చేతిలో క్లిక్కర్ (నొక్కినప్పుడల్లా ఒక అంకె పెరిగే చిన్న పరికరం) ఉంటే మేలు. మూడు లెక్కలూ దగ్గరగా వస్తే సగటు తీయండి. ఒకటి బాగా తేడాగా ఉంటే విసుక్కోకుండా మళ్లీ మొదలుపెట్టాల్సిందే.

5. దూరంగా ఉండండి. కనీసం 5 మీటర్లు. మీకు భయపడి పెంగ్విన్ లేచిందంటే, పక్కనే కాచుకున్న స్కువా అనే వేటపక్షి గుడ్డు ఎత్తుకుపోతుంది. బర్డ్ ఫ్లూ 2024లో అంటార్కిటికా ప్రధాన భూభాగానికీ చేరింది. కాబట్టి బూట్లు శుభ్రం చేయకుండా అడుగు పెట్టొద్దు.

6. మరీ పెద్ద కాలనీ అయితే పైనుంచి చూడాలి. క్రిల్ (చిన్న రొయ్యల్లాంటి సముద్ర జీవులు) తిన్న పెంగ్విన్ల రెట్ట గులాబీ రంగులో ఉంటుంది, ఆ మరకలు ఉపగ్రహానికి కనిపిస్తాయి. అంటార్కిటికా ద్వీపకల్పం కొసన ఉన్న డేంజర్ దీవులకు శాస్త్రవేత్తలను 2015లో తీసుకెళ్లినవి అలాంటి మరకలే. కాళ్లతో తిరిగి, డ్రోన్ ఫొటోలు తీసి లెక్కిస్తే 7,51,527 అడెలీ జంటలు తేలాయి! ఎంపరర్ పెంగ్విన్ల సంగతి వేరు. వాటికి గూడే లేదు, గుడ్డు పాదాల మీద పెట్టుకుంటాయి. అక్కడ ఉపగ్రహమే దిక్కు.

అదే తీరంలో ఉండే మంచు పెట్రెల్ అనే తెల్లటి సముద్ర పక్షికి ఈ పద్ధతి పనికిరాదు. అది రాళ్ల సందుల్లో గూడు పెడుతుంది, ఫొటోలో కనిపించదు. పోనీ అని తల దూర్చి చూశారో, పొట్టలోని కంపు నూనె ముఖాన కక్కుతుంది. ఆ వాసన అంత తేలిగ్గా వదలదు.