పిల్లల లంచ్ బాక్స్ విషయం టీచర్‌తో ఎలా మాట్లాడాలి

సాయంత్రం గేటు దగ్గర "మావాడు తిన్నాడా మేడమ్" అని అడిగితే ఏ టీచరైనా "ఆ, తిన్నాడండీ" అనే అంటారు, ఇంటికెళ్లి బాక్స్ తెరిస్తే ముప్పావు వంతు అలాగే ఉంటుంది, మీకు ఒళ్లు మండుతుంది. కానీ అందులో అబద్ధమేం లేదండీ. క్లాసంతా ఒకేసారి బాక్సులు తెరిచినప్పుడు టీచర్‌కి కనబడేది పిల్లాడు కూర్చున్నాడు, చెయ్యి నోటి దాకా వెళ్తోంది, అంతే. ఎంత లోపలికి వెళ్లిందో తెలియాలంటే పనిగట్టుకుని చూడాలి. ప్రైమరీ క్లాసులకి చెప్తూ, ఇంట్లో కూడా తిండి దగ్గర సతాయించే పిల్ల ఉన్నదాన్ని కాబట్టి రెండువైపుల సంగతీ తెలిసే చెప్తున్నా, తిన్నాడా లేదా అనేది వదిలేసి అక్కడ ఏం జరుగుతోంది అని అడగండి, సగం గొడవ అక్కడే తీరిపోతుంది.

అడగడం కూడా గేటు దగ్గర కాదు, పిల్లల ముందు అసలు కాదు. డైరీలో రాయండి, లేదంటే టీచర్‌కి విడిగా మెసేజ్ పెట్టండి, క్లాస్ గ్రూపులో మాత్రం వద్దు. ఇలా రాస్తే చాలు: "నమస్తే మేడమ్, పాప బాక్స్ సగం మిగిల్చి తెస్తోంది. కుదిరితే ఈ వారం ఒకటి రెండు రోజులు కాస్త గమనిస్తారా, మూత తనే తీసుకోగలుగుతోందా, ముందు ఏం తింటోంది, ఎక్కడ ఆపేస్తోంది. బలవంతంగా తినిపించక్కర్లేదు, మీరు చూసింది చెప్తే చాలు." ఆ చివరి మాట చాలా ముఖ్యం, అది లేకపోతే చాలామంది టీచర్లు మీరు తినిపించమంటున్నారనే అనుకుంటారు, పక్కన నిలబడి ముద్ద ముద్దకీ చెప్పడం మొదలెడతారు.

ఇలా గమనిస్తే బయటపడే కారణాలు ఇంట్లో కూర్చుని ఎంత ఆలోచించినా తట్టవు. బాక్స్ మూత గట్టిది, తీయమని అడగడానికి సిగ్గు. ఆరేళ్లు వచ్చేసరికి ముందు పళ్లు కదులుతుంటాయి కదా, కొరికి తినేది ఏది పెట్టినా నొప్పి, మెత్తగా ఉన్నదొక్కటే తిని మూత పెట్టేస్తారు, ఆ సంగతి చెప్పడం కూడా వాళ్లకి తెలీదు. చేతులు కడుక్కునే లైన్‌లో ఉండగానే టైమ్ అయిపోతుంది. అమెరికాలో ప్రజారోగ్యం చూసే ప్రభుత్వ సంస్థ సీడీసీ అయితే పిల్లలు కూర్చున్నాక తినడానికే కనీసం 20 నిమిషాలు ఉండాలని చెప్తుంది, లైన్‌లో నిలబడే టైమ్ అందులో కలపకూడదు, మీ స్కూల్లో అసలు ఎంతసేపు దొరుకుతోందో అడగడంలో తప్పేం లేదు. తిన్నాకే ఆట అని పెడితే ఆటకోసం రెండు ముద్దలు మింగి పరిగెత్తేవాళ్లుంటారు, కొన్ని స్కూళ్లలో ఆట ముందు పెట్టి తర్వాత తిననిస్తారు, అలా చేస్తే పారేసేది తగ్గుతుంది. పక్కవాడు బాక్స్‌లోకి తొంగిచూసి "ఛీ, అదేంటి" అన్న ఒక్క మాటతో అంతకుముందు ఇష్టంగా తిన్నది మానేసిన పిల్లలున్నారు. స్కూల్ బాత్రూమ్‌కి వెళ్లడం భయమై నీళ్లూ తాగకుండా తిండీ తినకుండా సాయంత్రం దాకా బిగబట్టుకునేవాళ్లూ ఉన్నారు, దానివల్ల మలబద్ధకం, మలబద్ధకం వల్ల ఇంకా ఆకలి చచ్చిపోవడం, ఇదొక చక్రంలా తిరుగుతుంది.

అలాగే టీచర్‌కి కనబడనివి మీ దగ్గరుంటాయి. పొద్దున ఏమీ తినకుండా వచ్చాడా, లేక ఆలస్యంగా కడుపునిండా తిని వచ్చాడా, రాత్రి నిద్ర పట్టిందా, ఇంట్లో కొత్తగా చెల్లో తమ్ముడో పుట్టారా, ఏదైనా మందు వాడుతున్నారా. ఏడీహెచ్‌డీకి, అంటే ధ్యాస నిలవక, కుదురుగా ఉండలేక ఇబ్బందిపడే సమస్యకి, ఇచ్చే కొన్ని మందులకి మధ్యాహ్నం పూట ఆకలి బాగా తగ్గిపోతుంది, అది తెలియని టీచర్ పిల్లాడు మొండి చేస్తున్నాడనుకుంటారు. రెండు లైన్లు రాసి పంపితే సరిపోతుంది.

అలర్జీ ఉంటే మాత్రం రెండు లైన్లతో సరిపెట్టొద్దు, నోటిమాటగా అసలు వద్దు. ఒక కాగితం మీద మూడు సంగతులు విడివిడిగా రాయండి: తినకూడనివి, మా నమ్మకం వల్ల తిననివి, వాడికి నచ్చక తిననివి. ఈ మూడూ కలిపేసి "ఇవన్నీ పెట్టొద్దు" అని చెప్తే కొన్నాళ్లకి టీచర్‌కి అన్నీ ఒకేలా అనిపిస్తాయి, అసలు ప్రమాదం ఉన్నదాని మీద జాగ్రత్త తగ్గిపోతుంది. పాలు, గుడ్డు, వేరుశెనగ, జీడిపప్పు బాదం లాంటివి, గోధుమ, సోయా, నువ్వులు, చేపలు, రొయ్యలు, ఎక్కువమందిలో అలర్జీ తెచ్చేవి ఇవే. మీ పిల్లలకి ఏది పడదో, తింటే ఏమవుతుందో, మందు ఎక్కడుందో, ఎవరు ఇవ్వాలో రాయండి. లక్షణాలు తిన్న కొన్ని నిమిషాల్లోనే రావచ్చు, రెండు గంటల లోపు ఎప్పుడైనా రావచ్చు. ఊపిరి అందకపోవడం, గొంతు బిగుసుకోవడం, ఒక్కసారిగా నీరసించి వాలిపోవడం కనిపిస్తే డాక్టర్ రాసిచ్చిన అడ్రినలిన్ ఇంజెక్షన్ తొడ బయటివైపు వెంటనే ఇవ్వాలి, తర్వాత అంబులెన్స్. దురద టాబ్లెట్ వేసి చూద్దాం అని ఆగకూడదు, పిల్లని లేపి నడిపించకూడదు, తగ్గినట్టు కనిపించినా హాస్పిటల్‌కి తీసుకెళ్లాల్సిందే ఎందుకంటే కొన్ని గంటల తర్వాత మళ్లీ రావచ్చు. ఈ కాగితం క్లాస్ టీచర్‌కి ఒక్కరికే ఇస్తే చాలదు, ఆవిడ సెలవు పెట్టిన రోజు వచ్చేవాళ్లకి, బస్సులో ఉండే ఆయాకి కూడా తెలియాలి, పుట్టినరోజులకి క్లాసులో పంచేవాటి గురించి ముందే అడిగిపెట్టుకోండి, ఇంజెక్షన్ ఎక్స్‌పైరీ డేట్ మీ ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి.

టైప్ 1 షుగర్ ఉన్న పిల్లలకి అయితే క్లాసు మధ్యలో తినడానికి పర్మిషన్ ముందే ఉండాలి. సాధారణంగా షుగర్ 70 కంటే తగ్గితే 15 గ్రాముల గ్లూకోజ్ లాంటిది ఇచ్చి 15 నిమిషాలకి మళ్లీ చూస్తారు, మీ డాక్టర్ చెప్పిన లెక్క ఏదో అదే రాసివ్వండి.

ఇప్పుడు నాతోటి టీచర్లకి ఒక మాట. "మీవాడు ఏమీ తినట్లేదండీ" అని చెప్తే ఆ తల్లి ఆ రాత్రి నిద్రపోదు, పిల్లాడికి తిట్లు పడతాయి, మర్నాడు ఇంకా తక్కువ తింటాడు. "సోమ, మంగళ వారాల్లో సగం తిన్నాడు, బుధవారం మూత తీయలేదు, కడుపునొప్పి అన్నాడు" అని చెప్పండి, వాళ్లకి చెయ్యడానికి ఏదో ఒకటి దొరుకుతుంది. బాక్స్‌లో ఏముందో చూసి అందరి ముందు "ఇదేంటి, ఇంట్లో ఇంకేం లేవా" అనొద్దు, దయచేసి. నిజంగానే లేకపోయి ఉండొచ్చు. రోజూ బాక్స్ ఖాళీగా వస్తుంటే, పిల్ల పక్కవాళ్లది అడుగుతుంటే ఇంటివాళ్లని పక్కకి పిలిచి "పాపకి మధ్యాహ్నం ఇంకాస్త ఆకలేస్తోందండీ, స్కూల్ తరఫున ఏదైనా ఏర్పాటు చూడమంటారా" అని అడగండి. లావు, సన్నం అనే మాటలు ఆ పిల్ల వింటుండగా ఎవ్వరూ అనకూడదు, పొగడ్తగా కూడా.

పేరెంట్స్ వైపు నుంచి నాకు బాగా బాధనిపించే మాట ఒకటుంది, "కూర్చోబెట్టి తినిపించండి మేడమ్, రెండు వేసినా ఏం అనుకోం" అని. అలా తినిపిస్తే ఆ తిండి మీదా, ఆ టీచర్ మీదా, చివరికి స్కూల్ మీదే విరక్తి వస్తుంది. ఎలిన్ సాటర్ అనే అమెరికన్ డైటీషియన్ చెప్పిన పద్ధతి ఒకటుంది, ఏం పెట్టాలి, ఎప్పుడు, ఎక్కడ అనేది పెద్దవాళ్ల పని, తినాలా వద్దా, ఎంత తినాలి అనేది పిల్లల పని. స్కూల్ విషయంలో దీన్నే ముగ్గురి మధ్య పంచుకోవచ్చు, బాక్స్‌లో ఏం ఉండాలో మీరు, ఎప్పుడు ఎక్కడ కూర్చోవాలో టీచర్, ఎంత తినాలో పిల్లలు. "తింటే స్టార్ ఇస్తా" అనేది కూడా అంత మంచిది కాదు, 1980ల్లోనే లీయాన్ బర్చ్ అనే సైకాలజిస్ట్, వాళ్ల టీమ్ చేసిన ప్రయోగాల్లో ఏదో ఇస్తామని ఆశపెట్టి తినిపించిన పదార్థం మీద పిల్లలకి ఇష్టం తగ్గింది. కొత్త రుచి అలవాటవ్వాలంటే ఎనిమిది, పది, ఒక్కోసారి పదిహేను సార్లు కూడా పట్టొచ్చు, ఆ ప్రయత్నాలు ఇంట్లో చేసుకోండి, స్కూల్ బాక్స్‌లో మాత్రం తెలిసినవే ఎక్కువ పెట్టండి, కొత్తది పెట్టాలనిపిస్తే మూలన ఒక చిన్న ముక్క.

బరువు తగ్గుతుంటే, మింగడానికి భయపడుతుంటే, తినే వాటి లిస్టు నెలనెలా కుంచించుకుపోతుంటే ఇక టీచర్‌తో మాట్లాడి ఆగిపోకండి, పిల్లల డాక్టర్ దగ్గరికి వెళ్లండి. అన్నీ మారాం కాదు, రక్తహీనత ఉండొచ్చు, లేదా ఏఆర్ఎఫ్ఐడీ అని, సన్నబడాలన్న ఆలోచనేం లేకుండానే తిండిని బాగా దూరం పెట్టే సమస్య ఒకటుంది, మానసిక సమస్యల్ని గుర్తించడానికి డాక్టర్లు వాడే డీఎస్ఎం-5 అనే పుస్తకంలో 2013లో దాన్ని చేర్చారు. టీచర్ గమనించి రాసిచ్చిన నోట్సు డాక్టర్‌కి చూపించండి, వాళ్లకి చాలా పనికొస్తుంది.

టీచర్‌ని రోజూ రిపోర్ట్ అడక్కండి, రెండు వారాలు చూసి ఫలానా రోజు మాట్లాడుకుందాం అని ముందే అనుకోండి. అంతా బాగుంటే "ఇక చూడక్కర్లేదు మేడమ్, థ్యాంక్స్" అని చెప్పేయండి, లేకపోతే పాపం ఆవిడ ఏడాదంతా మీవాడి బాక్స్ వంకే చూస్తుంటారు, వాడికీ ఆ చూపు తెలుస్తుంది. క్లాస్ మారినప్పుడు మాత్రం ఆ అలర్జీ కాగితం కొత్త టీచర్‌కి మీరే స్వయంగా ఇవ్వండి, పాత టీచర్ చెప్పేసి ఉంటారులే అనుకోవద్దు.