అమీర్‌పేట కోచింగ్ సెంటర్‌లో ఫైర్ డ్రిల్: ముందు జాగ్రత్తలు

- మెట్ల మీది వాటర్ క్యాన్లు, చెప్పుల స్టాండ్లు తీసేయండి. 2025 మేలో గుల్జార్ హౌజ్ అగ్నిప్రమాదంలో 17 మంది చనిపోయారు. అక్కడా దారి ఇరుకే.

- తలుపు దగ్గర తోసుకుంటే వేగం పెరగదు, తగ్గుతుంది. అందరూ ఒక్కసారే ఎగబడితే భుజాలు బిగుసుకుని ద్వారం ముందు కమానులా అడ్డం పడతాయి. తోపులాట లేకుంటే మీటరు వెడల్పు దారిలో సెకనుకు ఒకరికి తగ్గకుండా దాటిపోవచ్చు. అందుకే గదుల వారీగా వదలండి. పిల్లలకు ఈ సంగతి ముందే చెప్పండి, మైకులో అరిస్తే ఎవరూ వినరు.

- గేటు దాటాక ఆగొద్దు. వీడియోలు తీసేవాళ్లతోనే అసలు చిక్కు! వెనకున్న వరస మొత్తం మెట్ల మీదే నిలిచిపోతుంది. రోడ్డు దాకా నడిపించడానికి ఒకరిని పెట్టండి.

- షట్టర్లకు తాళాలుండకూడదు.

- లిఫ్ట్ వద్దు. బ్యాగులు క్లాసులోనే.