ఇంటి ముందు ఆకులే తప్ప పూలు లేవా? కారణాలు, పరిష్కారాలు

గేటుకూ గుమ్మానికీ మధ్య నాలుగడుగుల మట్టి ఉంటే చాలు, బతుకమ్మ బంతిపూల నుంచి సంక్రాంతి గొబ్బెమ్మల మీది చామంతుల వరకు ఇంట్లోనే కోసుకోవచ్చు. అయినా చాలా ఇళ్ళ ముందు పచ్చని ఆకులే కనిపిస్తాయి. పూత రాలేదనగానే అందరూ ఎరువు కోసం పరుగెత్తుతారు. ఇన్నేళ్ళుగా మొక్కలు పెంచుతున్న నేను మాత్రం ఎరువును ఆఖరున అనుమానిస్తాను. నాటిన నెల, మొక్క మీద పడే వెలుతురు, కిందనున్న మట్టి సరిగా ఉన్నాయో లేదో ముందు చూస్తాను.

ఏం నాటినా ఎదగదు, లేత ఆకులు పసుపెక్కుతాయి

ఆకు పసుపుగా ఉండి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే అది ఇనుము లోపం. కొత్తగా కట్టిన ఇళ్ళ ముందు ఇది మరీ ఎక్కువ. పని ముగించి మేస్త్రీలు వెళ్ళిపోయాక మిగిలిన సిమెంటు, ఇటుక ముక్కలు, కంకర అక్కడే పరుచుకుని ఉంటాయి. వాటి మీద రెండంగుళాల ఎర్రమట్టి పోసి తోట అంటారు. సిమెంటులోని సున్నం మట్టిలో క్షారాన్ని పెంచుతుంది. అప్పుడు మట్టిలో ఇనుము ఉన్నా వేళ్ళు దాన్ని తీసుకోలేవు.

గునపంతో మోచేతి లోతు గుంత తీసి చూడండి. ఖంగుమని మోగితే సంగతి తెలిసిపోయినట్టే. అడుగున్నర లోతు వరకు తవ్వి, చెత్త ఏరి పారేసి, రెండు పాళ్ళ ఎర్రమట్టికి ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు కలిపి నింపాలి. కష్టమే, కానీ ఒకసారి చేస్తే ఏళ్ళ తరబడి నిశ్చింత. అప్పటికే నాటిన మొక్కలను కాపాడుకోవాలంటే లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), ఒక గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) కలిపి, వారం వ్యవధిలో రెండుసార్లు సాయంత్రం పూట ఆకులు తడిసేలా పిచికారీ చేయండి.

తవ్వేటప్పుడే తుంగను కూడా వదిలించుకోండి. పైకి పీకితే ఆకు మాత్రమే చేతికొస్తుంది, కింద నల్లని గడ్డ మిగిలి మళ్ళీ మొలుస్తుంది. వాన పడి నేల మెత్తబడ్డ మర్నాడు గడ్డలతో సహా ఏరాలి. వయ్యారిభామ కనిపిస్తే పూత రాకముందే చేతికి తొడుగు వేసుకుని పీకేయండి, దాని వల్ల చాలామందికి దురద, ఆయాసం వస్తాయి.

బంతి ఏపుగా పెరిగింది, దసరా దాటినా పూయలేదు

చాలా ఇళ్ళలో వినాయక చవితి సందడి చూశాక బంతి విత్తనాలు గుర్తుకొస్తాయి. అప్పటికే ఆలస్యమైపోతుంది. పొడవుగా పెరిగే ముద్దబంతి విత్తిన దగ్గరి నుంచి నిండుగా పూయడానికి సుమారు రెండున్నర నెలలు తీసుకుంటుంది. దసరాకు పూలు కావాలంటే జూన్ చివర్లోనో జూలై మొదట్లోనో నారు పోయాలి. సంక్రాంతికైతే అక్టోబరు మొదట్లో.

సమయానికే నాటినా పూత లేదంటే యూరియా వేశారేమో గుర్తు చేసుకోండి. యూరియా ఆకును పెంచుతుంది కానీ పువ్వును తేదు. వెంటనే ఆపేయండి. ప్రహరీ గోడ నీడ పడే చోట కూడా ఇదే జరుగుతుంది. బంతికి రోజుకు కనీసం ఆరు గంటల ఎండ కావాలి. మొక్క అడుగు ఎత్తు రాకముందే తల తుంచితే పక్క కొమ్మలు వేసి, పూలు రెట్టింపవుతాయి.

చామంతి నిండా ఆకులే, డిసెంబరు వచ్చినా మొగ్గ లేదు

నన్ను అన్నిటికంటే ఎక్కువ తిప్పలు పెట్టిన సమస్య ఇది. ఒకే తల్లి మొక్క పిలకలు, ఒకే మట్టి, ఒకే నీళ్ళు. గోడ వెనుక ఉన్న కుండీల్లో మొగ్గలు బఠాణీ గింజలంత అయ్యాయి. గేటు పక్కనున్న మూడు కుండీల్లో మాత్రం కొమ్మ చివర కొత్త ఆకులే. ఎరువు మార్చాను, మందు కొట్టాను, ఫలితం లేదు. ఒక రాత్రి గేటు వేయడానికి వెళ్ళినప్పుడు చూస్తే వీధి దీపం వెలుగు సరిగ్గా ఆ మూడు కుండీల మీద పడుతోంది. ఆకుల నీడలు గోడ మీద స్పష్టంగా కనిపించాయి.

చామంతికి మొగ్గ కట్టాలంటే పొడవైన, ఎడతెగని చీకటి కావాలి. శీతకాలం వస్తోందని అది రాత్రి పొడవును బట్టే తెలుసుకుంటుంది. రాత్రంతా దీపం పడితే దాని లెక్కలో ఇంకా వేసవే, అందుకే ఆకులు వేస్తూ పోతుంది.

కుండీ అయితే సెప్టెంబరులోనే చీకటి మూలకు మార్చండి. నేలలో ఉంటే సాయంత్రం ఆరు నుంచి ఉదయం ఏడు వరకు మందపాటి నల్లగుడ్డ కప్పి, మొగ్గలు రంగు తిరిగే దాకా రోజూ అలాగే చేయాలి. మధ్యలో కొన్ని రాత్రులు మరిచిపోయినా పూత వెనక్కి పోతుంది. అంత ఓపిక లేకపోతే ఆ దీపం కింద చామంతి పెట్టకండి, అక్కడ బిళ్ళగన్నేరు చక్కగా పూస్తుంది. పూత అయిపోయిన చామంతిని మాత్రం పారేయకండి. నాలుగంగుళాలు ఉంచి కత్తిరిస్తే మొదలు దగ్గర పిలకలు వస్తాయి, జూన్, జూలైలలో వాటినే విడదీసి నాటుకోవచ్చు.

నర్సరీలో నిండుగా పూసిన మొక్క వారంలో వాడిపోయింది

నర్సరీ నుంచి తెచ్చే కొన్ని మొక్కల వేళ్ళు కొబ్బరిపొట్టులో ఉంటాయి. చుట్టూ ఉన్న మట్టి తడిగా కనిపించినా ఆ ముద్ద లోపల ఎండిపోతుంది. నాటే ముందు ముద్దను బకెట్ నీళ్ళలో పది నిమిషాలు ముంచి, వేళ్ళను కాస్త వదులు చేసి పెట్టండి. మూడు రోజులు నీడ కల్పించండి, విచ్చిన పూలు తుంచేయండి. కొనేటప్పుడు పూలున్న మొక్క కాకుండా మొగ్గలున్న మొక్క ఎంచుకోవడం మేలు.

బంతి ఆకులు పాలిపోయాయి, కింద సన్నని గూడు

ఇది ఎర్రనల్లి. పొడి వాతావరణంలో పెరుగుతుంది. ఇది కీటకం కాదు, సాలీడు జాతి కాబట్టి మామూలు పురుగు మందులు పెద్దగా పని చేయవు. ఆకు అడుగున నీటిధార గట్టిగా కొట్టండి, తగ్గకపోతే నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు ఉదయం పూట చల్లండి. మండే ఎండలో చల్లితే ఆకులు మాడతాయి.

ఏప్రిల్ రాగానే రంగంతా పోయింది

పెటూనియా వంటి చలికాలపు మొక్కలు మన ఎండలకు నిలవవు. నీళ్ళు ఎక్కువ పోసి బతికించాలని చూడకండి, తీసేసి ఆ చోట మార్చిలోనే బొగడబంతి, బిళ్ళగన్నేరు, పోర్టులాకా పెట్టండి. గేటు మీదికి కాగితపు పూల తీగ ఉంటే ఇంకా మంచిది. అది కూడా ఆకులే వేస్తోందంటే నీళ్ళు ఎక్కువైనట్టు. ఆకులు కాస్త వాలే దాకా ఆపి, అప్పుడు పోయండి.