కన్నీటి జన్యువు పేజీని మీరే చదవడం ఎలా?

"కళ్ళలో రామకృష్ణా బీచి ఇసుకంతా పోసినట్టుందిరా" అంటుంది మా అమ్మ. కన్నీరు తగ్గి కళ్ళు పొడిబారుతున్నాయని డాక్టరుగారు చెప్పారు. ఎంవీపీ కాలనీలో ఉంటూ ఇంటర్ బైపీసీ చదివే మా మేనకోడలికి ఆ జవాబు చాలలేదు. "మామయ్యా, కన్నీరు ఊరడానికి కూడా జన్యువు ఉంటుందా?" అని అడిగింది. ఒకటి కాదు, చాలా ఉన్నాయి. వాటిలో ఒకదాని వివరాలున్న వెబ్ పేజీని ఓ ఆదివారం మధ్యాహ్నం ఇద్దరం కూర్చుని చదివాం. నెట్ ఉన్న కంప్యూటర్, ఒక కాగితం, పెన్సిలు ఉంటే మీరూ చదవవచ్చు. ఫోనులోనూ కుదురుతుంది కానీ, అక్షరాలు లెక్కపెట్టేసరికి పొడిబారేవి మన కళ్ళే.

ముందు కన్నీరు ఊరే గ్రంథి ఎక్కడుందో తెలుసుకోండి. కనుబొమ్మ బయటి కొస కింద, ఎముక అంచుకు లోపలగా, బాదం గింజంత ఉంటుంది. చాలామంది కన్నీరు ముక్కు పక్క నుంచి పుడుతుందనుకుంటారు. అక్కడున్నవి నీరు బయటికి పోయే తూములు. అవి ముక్కులోకి తెరుచుకుంటాయి కాబట్టే ఏడిస్తే ముక్కు కారుతుంది.

తర్వాత జన్యువును ఎంచుకోవాలి. జన్యువంటే ప్రొటీను తయారీకి రాసిపెట్టిన సూచన కనుక, ముందు ప్రొటీను చూద్దాం. కన్నీటి ప్రొటీన్లలో పేరుమోసినది లైసోజైమ్. 1922లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ వెల్లడించినది అదే. అయినా మొదటిసారి చదివేవారికి నేను లాక్రిటిన్‌నే చెబుతాను. చిన్నది, పైగా ప్రధానంగా కన్నీటి గ్రంథిలో తయారయ్యేది. వర్జీనియా విశ్వవిద్యాలయంలోని గోర్డన్ లారీ బృందం 2001లో దాన్ని ప్రకటించింది. దాని జన్యువు మనిషి 12వ క్రోమోజోము మీద ఉంది.

ఇప్పుడు యూనిప్రాట్ అనే వెబ్‌సైటు తెరవండి. ప్రపంచంలోని ప్రొటీన్ల వివరాలన్నీ పోగుచేసిన ఖజానా అది, రుసుము లేదు. వెతికే పెట్టెలో ఎల్, ఏ, సి, ఆర్, టి అనే అయిదు ఇంగ్లీషు అక్షరాలు కొట్టండి, లాక్రిటిన్ జన్యువు పొట్టి పేరు అదే. వేరే జంతువుల లాక్రిటిన్ కూడా జాబితాలో వస్తుంది. తొందరపడి ఒక కోతి పేజీ తెరిచి అరగంట చదివిన ఘనత నాది. జాతి పేరు హోమో సేపియన్స్ అని, పక్కన నిపుణులు పరిశీలించారని చెప్పే బంగారు రంగు గుర్తు ఉందని చూసుకోండి. గుర్తింపు సంఖ్య క్యూ9జీజెడ్‌జెడ్8 అయితే మీరు సరైన చోటే ఉన్నారు.

పేజీ పైనుంచి చదవకండి. బరువైన మాటలన్నీ అక్కడే ఉంటాయి, సగంలోనే వదిలేస్తారు. నేరుగా కిందికి దిగి సీక్వెన్స్ అన్న భాగం తెరవండి. వరుసగా 138 అక్షరాలు కనిపిస్తాయి. ఒక్కో అక్షరం ఒక్కో అమైనో ఆమ్లం, అంటే ప్రొటీను గొలుసులో ఒక్కో పూస. ఒక్కోదానికి జన్యువులో మూడేసి డీఎన్ఏ అక్షరాలు కావాలి కనుక 414, ఆగమని చెప్పే మూడు కలిపితే 417. ఈ లెక్క కాగితం మీద వేస్తే గాని మా మేనకోడలికి నమ్మకం కుదరలేదు.

మొదటి 19 అక్షరాలను పెన్సిలుతో రాసుకోండి: ఎం, కె, ఎఫ్, టి, టి, ఎల్, ఎల్, ఎఫ్, ఎల్, ఏ, ఏ, వి, ఏ, జి, ఏ, ఎల్, వి, వై, ఏ. ఎల్, ఏ, వి ఎన్నిసార్లు వచ్చాయో లెక్కపెట్టండి. 19లో 11. మూడూ నీళ్ళకు దూరంగా ఉండే రకాలే. ఇలాంటి గుంపు మొదట్లో ఉంటే దాన్ని సిగ్నల్ పెప్టైడ్ అంటారు. ప్రొటీను కణం దాటి బయటికి వెళ్ళాల్సినదని చెప్పే గుర్తు అది. దారి చూపించాక దానితో పని లేదు. తమలపాకు తొడిమ తుంచినట్టు కణం దాన్ని తుంచేస్తుంది. కన్నీటిలో చేరేది మిగిలిన 119.

ఇంకాస్త ముందుకు వెళితే 56 నుంచి 59 వరకు వరుసగా నాలుగు 'టి'లు. "ఒకేసారి నాలుగు టీలా, మామయ్యా!" అని నవ్వింది మేనకోడలు. అవి థ్రియోనిన్లు. చక్కెర అణువులు అతుక్కోవడానికి వీలున్న చోట్లు.

ఇప్పుడు పైకి వెళ్ళి ఫంక్షన్ భాగం చదివితే అర్థమవుతుంది. కణాల మీద సిండెకాన్-1 అనే ప్రొటీను ఉంటుంది, దాని చుట్టూ చక్కెర గొలుసులు. హెపరనేజ్ అనే ఎంజైము ఆ గొలుసులను కత్తిరిస్తే గాని లాక్రిటిన్ దాన్ని అంటుకోలేదు. పీచు వలిస్తే గాని కొబ్బరికాయ చేతికి రానట్టు. అంటుకున్నాక కన్నీటి గ్రంథి కణాలను స్రవించమని పురికొల్పుతుంది, కంటి పైపొర కణాలు దెబ్బతినకుండా కాస్తుంది.

అదే పేజీలో, ప్రొటీన్ల ఆకారాన్ని అంచనా వేసే ఆల్ఫాఫోల్డ్ అనే కృత్రిమ మేధ ప్రోగ్రాము ఊహించిన బొమ్మ కూడా ఉంటుంది. ముదురు నీలం ఉన్నచోట గట్టి నమ్మకం, నారింజ ఉన్నచోట నమ్మకం తక్కువ అని అర్థం.

ఒక్క జాగ్రత్త. ఈ పేజీ చదివి కంటి చుక్కలు మార్చకండి. పొడి కళ్ళవారి కన్నీటిలో లాక్రిటిన్ తగ్గినట్టు పరిశోధనల్లో కనిపించిన మాట నిజమే. అంతమాత్రాన మన ఇంట్లో మనిషి కళ్ళు అందుకే పొడిబారాయని చెప్పలేం. వయసు, కొన్ని మందులు, గంటల తరబడి తెర చూడడం, ష్యోగ్రెన్స్ లాంటి వ్యాధులు, ఏదైనా కారణం కావచ్చు. కన్నీరు ఎంత ఊరుతోందో తేల్చడానికి డాక్టరు కింది రెప్పలో చిన్న కాగితపు పట్టీ పెట్టి అయిదు నిమిషాలు ఉంచుతారు. షర్మర్ పరీక్ష అంటారు దీన్ని. తడి 5 మిల్లీమీటర్లకన్నా తక్కువ పాకితే కళ్ళు బాగా పొడిబారినట్టు.

మా అమ్మకు ఎడమ కంట్లో నాలుగు వచ్చింది.