తెల్లకణం ఈస్టును మింగడం: కాంప్లిమెంట్ గ్రాహకాల పనిని స్లైడు మీద చూసే పద్ధతి

బేకరీవాళ్లు వాడే డ్రై ఈస్టు, కొంచెం రక్తం, నూనె లెన్సున్న మైక్రోస్కోపు ఉంటే అమలాపురంలోనో భీమవరంలోనో డిగ్రీ కాలేజీ ల్యాబులోనే ఈ ప్రయోగం చేయొచ్చు. గడ్డకట్టిన రక్తం పైన తేరే ద్రవం సీరం. అందులో ఉండి క్రిములకు అతుక్కునే ప్రోటీన్ల గుంపే కాంప్లిమెంట్, వాటిని పట్టుకునే తెల్లకణం మీది ప్రోటీన్లే గ్రాహకాలు. ప్రయోగం పాడయ్యేదల్లా సీరం దగ్గరే.

రక్తం 2 మి.లీ. ఎర్రమూత ట్యూబులోకి తీయించండి. ఊదామూత ట్యూబు వద్దు. అందులోని ఈడీటీఏ కాల్షియం, మెగ్నీషియంలను పట్టేసుకుంటుంది, అవి లేకపోతే కాంప్లిమెంట్ అసలు మొదలే కాదు. అరగంటలో గడ్డకట్టాక 3000 ఆర్‌పీఎం మీద 10 నిమిషాలు తిప్పి, పైన తేరిన సీరాన్ని వెంటనే ఐసులో పెట్టాలి. మన వైపు మే నెల ఎండకు బల్ల మీద వదిలేసిన సీరం మధ్యాహ్నానికల్లా నీరసపడుతుంది. రొయ్యల పెట్టెలకు వేసే ఐసు థర్మాకోల్ డబ్బాలో పోసుకుంటే చాలు. ఏ రోజు సీరం ఆ రోజే వాడాలి.

ఆ సీరంలో సగాన్ని 56 డిగ్రీల నీటిలో 30 నిమిషాలు ఉంచండి. ఆ వేడికి కాంప్లిమెంట్ ప్రోటీన్లైన సి2, ఫ్యాక్టర్ బి చెడిపోతాయి, పోల్చి చూడటానికి కాంప్లిమెంట్ పనిచేయని సీరం దొరుకుతుంది. మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదటినుంచి లెక్క.

ఈస్టు 10 మి.గ్రా.ను 10 మి.లీ. సెలైన్‌లో 10 నిమిషాలు మరిగించి, మూడుసార్లు కడగండి. మి.లీ.కు సుమారు కోటి కణాలుండాలి, న్యూబార్ చాంబర్‌లో (కణాలు లెక్కపెట్టే గళ్ల స్లైడు) లెక్కపెట్టి సరిచేసుకోండి. ఉండలు కడితే సన్నసూదితో నాలుగైదుసార్లు లాగి వదలాలి. మూడు ట్యూబుల్లో 400 మైక్రోలీటర్ల చొప్పున ఈస్టు పోసి, ఒకదానికి తాజా సీరం, ఒకదానికి వేడిచేసినది, మూడోదానికి సెలైన్ 100 మైక్రోలీటర్లు కలిపి 37 డిగ్రీల్లో అరగంట ఉంచి, ఒకసారి కడగండి. తాజా సీరంలో సి3బి అనే కాంప్లిమెంట్ ముక్క ఈస్టు గోడకు అతుక్కుంటుంది. సీరంలోని ఫ్యాక్టర్ ఐ అనే ఎంజైము దాన్ని కోసి ఐసి3బిగా మారుస్తుంది. తెల్లకణం మీది గ్రాహకాల్లో సి3బిని పట్టేది సీఆర్1, ఐసి3బిని పట్టేది సీఆర్3. (సీఆర్3లో భాగమైన సీడీ18 అనే ప్రోటీన్ పుట్టుకతోనే లోపించిన పిల్లలకు బొడ్డు ఆలస్యంగా ఊడుతుంది, పుండ్లకు చీము పట్టదు.)

ఈలోగా వేలి రక్తం ఒక్కో చుక్క మూడు స్లైడుల మీద వేసి, తడి దూది పెట్టిన పెట్రీడిష్‌లో 37 డిగ్రీల్లో అరగంట ఉంచండి. గడ్డను గోరువెచ్చని హ్యాంక్స్ ద్రావణంతో (కణాలు చావకుండా వాడే ఉప్పుల ద్రావణం) మెల్లగా జారిస్తే గాజుకు అంటుకున్న న్యూట్రోఫిల్స్, మోనోసైట్లు అనే తెల్లకణాలు మిగులుతాయి. కంటికి ఏమీ కనపడదు, కంగారుపడొద్దు. స్లైడు మాత్రం ఆరిపోకూడదు. ఒక్కోదాని మీద ఒక్కో ట్యూబులోని ఈస్టు చుక్క వేసి మరో అరగంట ఉంచి, కడిగి, మిథనాల్‌లో 3 నిమిషాలు, 1:10 జీమ్సా రంగులో 20 నిమిషాలు పెట్టండి. జీమ్సాను బోరునీళ్లతో పలచన చేయొద్దు. సముద్రం వైపు ఊళ్లలో ఆ నీళ్లు ఉప్పగా ఉండి రంగు చెడగొడతాయి. పీహెచ్ 6.8 బఫరే వాడాలి.

ఈస్టును మింగిన న్యూట్రోఫిల్ చెక్కిన తాటికాయలా ఉంటుంది, ముంజల గుంతల్లా రెండు మూడు గుండ్రాలు, చుట్టూ తెల్లని అంచు. అంచున వేలాడుతున్నవి మింగినవి కావు, లెక్కలో కలపొద్దు. ఒక్కో స్లైడు మీద 100 న్యూట్రోఫిల్స్ చూసి, ఎన్ని మింగాయో రాసుకోండి.

వేడిచేసిన సీరం స్లైడులో సున్నా రావాలని లేదు. యాంటీబాడీలు 56 డిగ్రీలకు చెడవు, వాటిని వేరే గ్రాహకాలు పడతాయి. పైగా సీఆర్3 ఈస్టు గోడలోని బీటాగ్లూకాన్ అనే చక్కెర గొలుసును నేరుగానూ పట్టగలదు, అందుకే సెలైన్ కలిపిన మూడో స్లైడు. తాజాదీ వేడిచేసినదీ సమానంగా వస్తే సీరం ముందే చచ్చిందనో, నీటి వేడి 56కు చేరలేదనో అర్థం. మూడూ ఖాళీగా ఉంటే స్లైడు ఆరిపోయి ఉంటుంది.

రక్తం తగిలినవన్నీ 1 శాతం హైపోక్లోరైట్‌లో అరగంట నానాకే పారేయాలి.