మైక్రోవేవ్ ఓవెన్‌లో మైకా షీటు: వాడకం, శుభ్రం, జాగ్రత్తలు

ఓవెన్ తలుపు తెరిస్తే లోపల, ఎక్కువ మోడళ్ళలో కుడివైపు గోడకు, అట్టముక్కలాంటి పల్చటి రేకు ఒకటి కనిపిస్తుంది. అదే మైకా షీటు. ప్యాకింగ్‌తో వచ్చిన అట్ట అనుకుని పీకేసేవాళ్ళున్నారు, దయచేసి ఆ పని చేయకండి. దాని వెనకాల, వేడిచేసే తరంగాలను పుట్టించే మాగ్నెట్రాన్ అనే భాగం నుంచి ఆ తరంగాలు వచ్చే దారి ఉంటుంది. ఆవిరి, నూనె, తుంపరలు ఆ దారిలోకి పోకుండా ఈ షీటే అడ్డం. ఇంట్లో ఓవెన్ పాడవకుండా మీ చేతిలో ఉన్న జాగ్రత్తల్లో ఇదొకటి, అందుకే ముందు దీని గురించి చెబుతున్నాం.

పప్పు చిందితే చుక్క షీటు మీద పడుతుంది. తుడవకుండా వదిలేస్తే ఆ జిడ్డు వేడెక్కినప్పుడల్లా కొంచెం కొంచెం మాడి బొగ్గవుతుంది. బొగ్గుకు కరెంటు పారే గుణం ఉంది కాబట్టి అక్కడ చిటపటమంటూ నిప్పురవ్వలు లేస్తాయి, షీటుకు చిల్లు పడుతుంది. అయినా వాడుతూ పోతే గోడకున్న పెయింటు కాలి లోపలి ఇనుము బయటపడుతుంది, చివరికి మాగ్నెట్రాన్ కూడా పోవచ్చు. కాబట్టి షీటు మీద నల్లమచ్చ గానీ చిల్లు గానీ కనబడితే ఆ రోజే వాడకం ఆపండి. కొత్త షీటు చవకే. పాతదాన్ని కొలతగా పెట్టుకుని కత్తెరతో కత్తిరించి, అంచులు నున్నగా చేసి, పాతది ఉన్నచోటే సరిగ్గా బిగించాలి. దాని బదులు అట్టముక్క, ప్లాస్టిక్, ఫాయిల్ పెట్టకూడదు. ఇంకా కాలని జిడ్డుమరక అయితే, ఓవెన్ చల్లారాక గట్టిగా పిండిన తడిగుడ్డతో మెల్లగా ఒత్తి తుడిస్తే చాలు. షీటును నీళ్ళలో నానబెట్టొద్దు, చాకుతో గీకొద్దు.

అసలు చిందకుండా చూసుకోవడం ఇంకా తేలిక. పప్పు, పులుసు, గ్రేవీ కూరలు ఫుల్ పవర్‌లో ఎగిరిపడతాయి. పవర్ సగానికి తగ్గించి, గిన్నె మీద ఆవిరి పోయేలా వదులుగా మూతపెట్టి, నిమిషానికొకసారి ఆపి కలపండి. అన్నానికి, ఒక పళ్ళేనికి రెండు చెంచాల నీళ్ళు చిలకరించి, మూతపెట్టి రెండు నిమిషాలు, మధ్యలో ఒకసారి కలిపితే సరిపోతుంది. వండిన అన్నాన్ని రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టాలి. బయట ఎక్కువసేపు ఉన్న అన్నంలో బ్యాక్టీరియా వదిలే ఒక రకం విషం మళ్ళీ వేడిచేసినా పోదు.

గుడ్డు పెంకుతో పెడితే పేలుతుంది, వలిచిన ఉడికిన గుడ్డు కూడా అంతే. ఉత్త నీళ్ళు నున్నటి గ్లాసులో ఎక్కువసేపు కాస్తే, బుడగలు రాకుండానే మరిగే వేడి దాటిపోయి, కదిలించగానే ఒక్కసారిగా పైకి పొంగి చేతులు కాలుతాయి. చెక్క చెంచా ఒకటి అందులో ఉంచండి. పసిపిల్లల పాలు ఒకచోట చల్లగా, ఒకచోట కాలిపోయేలా వేడెక్కుతాయి. బాగా కలిపి, మణికట్టు మీద చుక్క వేసి చూసుకోకుండా పట్టొద్దు.

మైక్రోవేవ్ మోడ్‌లో స్టీలు గిన్నెలు, బంగారు అంచు కప్పులు, న్యూస్‌పేపరు పెట్టకూడదు. మెలమైన్ ప్లేట్లు, హోటల్ పార్శిల్ డబ్బాలు కూడా పనికిరావు. వేడికి తట్టుకునే బోరోసిలికేట్ గాజు, మైక్రోవేవ్ సేఫ్ గుర్తున్న పాత్రలు వాడండి. వేడిగాలితో వండే కన్వెక్షన్ మోడ్‌లో కేకు టిన్ను పెట్టొచ్చు, కానీ టిన్ను లోపల ఉండగా పొరపాటున మైక్రో నొక్కకుండా బటన్ చూసి నొక్కాలి. ఖాళీగా మాత్రం మైక్రోవేవ్ ఎప్పుడూ నడపొద్దు.

వారానికొకసారి శుభ్రం ఇలా చేయండి. గాజు గిన్నెలో ఒక కప్పు నీళ్ళు పోసి, అందులో ఒక నిమ్మకాయను రెండు చెక్కలుగా కోసి పిండి, చెక్కలూ అందులోనే వేయండి. నిమ్మకాయ లేకపోతే రెండు చెంచాల వెనిగర్ వేసుకోవచ్చు. చెక్క చెంచా పెట్టి ఫుల్ పవర్‌లో మూడు నిమిషాలు నడపండి. తలుపు తీయకుండా అయిదు నిమిషాలు ఆగితే ఆవిరికి ఎండిన మరకలు నానతాయి, చేపల వాసన కూడా తగ్గుతుంది. తర్వాత ప్లగ్ తీసి, గిన్నెను జాగ్రత్తగా బయటికి తీసి, ముందు పైకప్పు, తర్వాత గోడలు, చివర అడుగు తుడవండి. తిరిగే గాజు పళ్ళెం, దాని కింద చక్రాల రింగు చల్లారాకే కడగాలి. వేడి గాజు మీద చన్నీళ్ళు పడితే పగులుతుంది. అడుగున మొండి మరకలుంటే వంటసోడా ముద్ద పది నిమిషాలు పట్టించి తుడవండి. స్టీలు పీచు, గిన్నెలు తోమే పొడి వాడితే గీతలు పడి, తుప్పు పట్టి, అక్కడే రవ్వలు మొదలవుతాయి. తలుపు చుట్టూ అంచున జిడ్డు పేరుకుంటే తలుపు సరిగ్గా మూసుకోదు కాబట్టి దాన్ని మరవొద్దు. గాలి రంధ్రాల్లోకి స్ప్రే కొట్టకండి, బొద్దింకల మందైనా సరే.

కన్వెక్షన్ ఓవెన్ రెండు వేల వాట్ల పైన లాగగలదు. ఎర్తింగ్ ఉన్న 16 ఆంప్స్ సాకెట్‌లోనే నేరుగా పెట్టాలి. ఎక్స్‌టెన్షన్ బాక్సు అయితే పిన్నులు వేడెక్కి ప్లాస్టిక్ కరుగుతుంది. వెనకా పైనా గాలి ఆడే జాగా వదలండి, మాన్యువల్‌లో కొలత ఉంటుంది. మీద గుడ్డ కప్పిన ఓవెన్‌లో వేడి బయటికి పోక మాగ్నెట్రాన్ తొందరగా చెడుతుంది.

లోపల మంట కనబడితే తలుపు తీయొద్దు, గోడ స్విచ్ ఆపండి. గాలి అందక మంట దానంతటదే ఆరుతుంది. తలుపు వంగినా, అద్దం పగిలినా, సరిగ్గా మూసుకోకపోయినా మెకానిక్‌ను పిలవాల్సిందే. బయటి కవర్ మాత్రం మీరు విప్పకండి. ప్లగ్ పీకేసినా లోపలి కెపాసిటర్‌లో ప్రాణం తీసేంత కరెంటు నిలిచి ఉండొచ్చు.